నెట్ ఎటు పోతోంది? ఇల్లు, హాస్టల్, నర్సింగ్ హోమ్, ఆఫీసు: ఎవరికి ఏ టూల్ సరిపోతుంది

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులన్నీ పక్కపక్కనే ఉంటాయి. అక్కడి ఒక చిన్న నర్సింగ్ హోమ్ నుంచి ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. సీటీ స్కాన్ ఫైళ్లు చెన్నైలో ఉన్న రేడియాలజిస్టుకు పంపాలి. రాత్రి ఏడు దాటితే అప్‌లోడ్ సగంలో తెగిపోతోంది. "లైను వాళ్లను అడిగితే బానే ఉందంటారు. స్పీడ్ టెస్ట్ పెడితే వందకు తొంభై చూపిస్తుంది. ఫైలు మాత్రం పోదు" అన్నారు డాక్టరు గారు. పేషంటు తాలూకు వాళ్లు రిపోర్టు కోసం మెట్ల మీదే కూర్చుని ఉన్నారు.

అక్కడ ఉన్నది మైక్రోటిక్ రౌటర్. లోపలికి వెళ్లి టార్చ్ అనే టూల్ తెరిచాను. ఆ క్షణంలో రౌటర్ గుండా ఎవరు ఎంత పంపుతున్నారో అది వరసగా చూపిస్తుంది. అప్‌లోడ్ కాలమ్ మీద నొక్కి, ఎక్కువ ఉన్నవాళ్లను పైకి తెచ్చాను. మొదటి లైన్‌లోనే దొరికింది. ఒకే అడ్రస్ నుంచి 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు) బయటికి పోతోంది. వాళ్ల ప్లాన్‌లో డౌన్‌లోడ్ 100 అయినా అప్‌లోడ్ 10 మాత్రమే. ఆ అడ్రస్ ఎవరిదని వెతికితే రిసెప్షన్ కింద ఉన్న సీసీ కెమెరాల రికార్డర్. రోజూ సాయంత్రం ఏడింటికి ఆ రోజు వీడియో క్లౌడ్‌లోకి ఎక్కేలా ఎవరో పెట్టి వెళ్లారు. ఆ టైమును రాత్రి ఒంటిగంటకు మార్చాం. తర్వాత పంపిన 300 ఎంబీ ఫైలుకు 10 ఎంబీపీఎస్ లైన్‌లో లెక్క ప్రకారం 4 నిమిషాలు పట్టాలి. దాదాపు అంతే పట్టింది.

స్పీడ్ టెస్ట్ చూసినవాళ్లంతా డౌన్‌లోడ్ అంకె దగ్గరే ఆగిపోయారు. అప్‌లోడ్ అంకె దాని పక్కనే ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు.

"ఇలాంటిది మాకే కనిపించాలంటే ఏ టూల్ పెట్టుకోవాలి?" అని డాక్టరు గారు అడిగారు. ఒక్క పేరు చెప్పి రాలేకపోయాను. ఏ టూల్ అనే ప్రశ్న కన్నా ముందు, ఎక్కడ నిలబడి కొలుస్తున్నాం అనేది తేలాలి. మన వైపు వరి రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సోమశిల నుంచి నీళ్లు వదిలినా చివరి ఆయకట్టులో మడి ఎండుతోందంటే, మడి గట్టున కూర్చుని లోతు కొలిస్తే కారణం తెలియదు. కాలువ వెంట పైకి నడిచి ఒక్కో తూము చూసుకుంటూ పోవాలి. నెట్ విషయంలోనూ అంతే. కంప్యూటర్‌లో వేసిన టూల్‌కు ఆ కంప్యూటర్ సంగతే తెలుస్తుంది. రౌటర్‌లో ఉన్నదానికి రౌటర్ దాటినదంతా తెలుస్తుంది. స్విచ్‌ను (లోపలి కేబుళ్లన్నీ కలిసే పెట్టె) అడిగితే ఏ పోర్టులో, అంటే కేబుల్ గుచ్చే ఏ రంధ్రంలో, ఎంత పోయిందో చెబుతుంది కానీ, ఆ పోతున్నది యూట్యూబా, బ్యాకప్పా అన్నది దానికి తెలియదు.

## ముందు ఇవి తేల్చుకోండి

మీ ప్రశ్న ఏది? పైకి అందరూ అడిగేది "నెట్ ఎందుకు స్లో?" అనే. దాని లోపల నాలుగు వేరు వేరు ప్రశ్నలు ఉంటాయి. లైను నిండిపోతోందా? నిండితే నింపుతున్నది ఎవరు? వాళ్లు ఏ పని మీద అంత వాడుతున్నారు? లైను నిండకుండానే స్లోగా ఉంటే లోపం కేబుల్‌దా, వై-ఫైదా, బయటి లైన్‌దా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో రకం టూల్ కావాలి. నాలుగింటికీ ఒక్కటే చాలు అని అమ్మేవాళ్లు ఉంటారు. చిన్న చోట్లలో అంత పెద్దది పెట్టుకుంటే రెండు నెలల తర్వాత దాన్ని తెరిచి చూసేవాళ్లు ఉండరు.

ఇప్పటిది కావాలా, నిన్నటిది కావాలా? ఫిర్యాదు రాత్రి ఎనిమిదింటికి వస్తుంది, మనిషి మర్నాడు పదింటికి వస్తాడు. అప్పటికి లైను ఖాళీగా ఉంటుంది. ఇలాంటి చోట ఆ క్షణాన్ని మాత్రమే చూపించే టూల్‌తో ఉపయోగం లేదు, గ్రాఫ్ దాచిపెట్టేది కావాలి. దానికీ ఒక పరిమితి ఉంది. గ్రాఫ్ గీసే టూల్స్ చాలావరకు 5 నిమిషాలకు ఒకసారి లెక్క తీసి సగటు చూపిస్తాయి. 30 సెకన్ల పాటు లైను 100 ఎంబీపీఎస్ నిండి, మిగతా నాలుగున్నర నిమిషాలు ఖాళీగా ఉంటే గ్రాఫ్‌లో 10 ఎంబీపీఎస్ అనే కనిపిస్తుంది. వీడియో కాల్ మధ్యలో ఆగిపోయిన ఆ అర నిమిషం సగటులో కలిసిపోతుంది. "గ్రాఫ్‌లో ఏమీ లేదు" అని ఎవరైనా అంటే, ఎంత సేపటి సగటో అడగండి.

చూసుకునే మనిషి ఎవరు? నా దృష్టిలో టూల్ ఉంటుందా మూలన పడుతుందా అన్నది దీని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. లినక్స్ తెలిసిన మనిషి ఊళ్లో ఉంటే ఒక దారి. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయే చూడాలంటే వేరే దారి.

కరెంటు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వానలు, తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు వానలకు కరెంటు పోతూ వస్తూ ఉంటే, ఒక హాస్టల్‌లో నేను పెట్టిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో మెమరీ కార్డు పాడై మూడు నెలల గ్రాఫ్‌లు పోయాయి. అప్పటి నుంచి కొలిచే పెట్టెను యూపీఎస్ మీద పెట్టకుండా వదలడం లేదు. వీలైన చోట మెమరీ కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తున్నాను.

డబ్బు సంగతి చివర చూసుకోవచ్చు. కింద చెప్పినవాటిలో సగానికి పైగా ఉచితం. ఖర్చంతా మనిషి సమయానిదే.

## కొద్దిగా లెక్క

లైను వేగం బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకు దిగేది 12.5 ఎంబీ. డౌన్‌లోడ్ విండోలో 12 అని చూసి "వంద అని చెప్పి పన్నెండు ఇస్తున్నారు" అని గొడవపడినవాళ్లను చూశాను. నిజానికి అది పూర్తి వేగమే.

అన్‌లిమిటెడ్ అనే ప్లాన్లలో చాలావాటికి నెలకు 3300 జీబీ హద్దు ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. 100 ఎంబీపీఎస్ లైను ఆపకుండా నిండుగా నడిస్తే 73 గంటల్లో ఆ హద్దు వచ్చేస్తుంది. ఇంట్లో మామూలుగా వాడుకుంటే అంత అవదు, కెమెరాలు ఉంటే మాత్రం అవ్వొచ్చు. 2 ఎంబీపీఎస్‌తో రాత్రీ పగలూ క్లౌడ్‌కు పంపే ఒక్క కెమెరా రోజుకు 21.6 జీబీ, నెలకు 648 జీబీ లాగుతుంది. అలాంటివి నాలుగు ఉంటే 2592 జీబీ, మిగతా వాడకం కలిస్తే హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. అదే కెమెరాలు లోపలి రికార్డర్‌కే పంపుతుంటే ఇంటర్నెట్ ఒక్క జీబీ కూడా ఖర్చు కాదు.

## కంప్యూటర్‌లో, ఫోన్‌లో కొలిచేవి

విండోస్‌లో వేరే ఏమీ వేయకుండానే రెండు ఉన్నాయి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ భాగంలోని డేటా యూసేజ్ గత 30 రోజుల్లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో చెబుతుంది. రిసోర్స్ మానిటర్ ఈ క్షణంలో ఏ ప్రోగ్రామ్ ఎటు మాట్లాడుతోందో చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ యాప్ వారీ డేటా లెక్క సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. గ్లాస్‌వైర్ వేసుకుంటే ఇదే సంగతి అందమైన గ్రాఫ్‌గా కనిపిస్తుంది, కొత్త ప్రోగ్రామ్ ఏదైనా మొదటిసారి నెట్ ఎక్కగానే కబురు వస్తుంది. ఒక ప్రోగ్రామ్‌కు ఇంతే వేగం అని కళ్లెం వేయాలంటే నెట్‌లిమిటర్ ఉంది, అది డబ్బు పెట్టి కొనేది. లినక్స్ వాళ్లకు నెట్‌హాగ్స్, ఐఎఫ్‌టాప్, వీఎన్‌స్టాట్ చాలు. మొదటిది ప్రోగ్రామ్ వారీగా, రెండోది కనెక్షన్ వారీగా చూపిస్తాయి. మూడోది రోజు, నెల లెక్కలు దాస్తుంది.

"ఏ పని మీద వాడుతున్నారు" అన్న ప్రశ్నకు వీటికన్నా బాగా జవాబు చెప్పేవి లేవు. రౌటర్‌కు ప్రోగ్రామ్ పేరు తెలియదు, కంప్యూటర్‌కే తెలుస్తుంది. నేను ఇలా చూసినప్పుడు ఎక్కువగా బయటపడేవి మూడు: ఫోటోల సింక్, విండోస్ అప్‌డేట్లు, టాలీ డేటా ఫోల్డర్‌ను క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టేయడం. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అనేది ఒకటి ఉంటుంది. అందులో ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకు కూడా పంచుకోవడం ఆన్ అయి ఉంటే మీ అప్‌లోడ్ కూడా పోతుంది. ఒకసారి చూసి ఆపేయండి.

ఇరవై కంప్యూటర్లు ఉన్న చోట ఒక్కో దాని ముందు కూర్చోవడం కుదరదు. టీవీ, కెమెరా, వచ్చేపోయేవాళ్ల ఫోన్ వీటికి అసలే కనిపించవు.

## రౌటర్‌లోనే కొలిచేవి

ఇల్లయినా, చిన్న ఆఫీసయినా, హాస్టలయినా నేను ముందు ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. బయటికి పోయేదంతా ఈ తూము దాటే పోతుంది.

లైను వాళ్లు ఇచ్చే ఫైబర్ బాక్సులో సాధారణంగా ఎవరెవరు కలిశారో జాబితా ఉంటుంది కానీ ఎవరు ఎంత వాడారో ఉండదు. అందుకే దాని వెనక మీ సొంత రౌటర్ పెట్టుకోవడం మంచిది. ఇందులో ఒక తప్పు పదే పదే చూస్తుంటాను. సొంత రౌటర్ పెట్టాక కూడా ఫైబర్ బాక్స్ వై-ఫై ఆన్‌లోనే వదిలేస్తారు. సగం ఫోన్లు దానికే కలుస్తాయి. అవి మీ రౌటర్ దాటవు కనుక లెక్కలోకి రావు. గ్రాఫ్ ఖాళీగా ఉంటుంది, నెట్ మాత్రం స్లో. ఫైబర్ బాక్స్ వై-ఫై ఆపేయండి. ఇంకా మంచిది, లైను వాళ్లను అడిగి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (లైనును మీ రౌటర్‌కు అందించడం మాత్రమే చేసేలా) పెట్టించండి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. కొన్ని రకాల రౌటర్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి దీన్ని వేసుకోవచ్చు. మీ మోడల్‌కు కుదురుతుందో లేదో వాళ్ల జాబితాలో చూసుకున్నాకే కొనండి. దీనిలో ఎన్‌ఎల్‌బీడబ్ల్యూమాన్ అనే చిన్న ప్యాకేజీ వేస్తే నెలంతా ఏ పరికరం ఎంత దించింది, ఎంత ఎక్కించింది అన్నది పట్టికగా వస్తుంది. ఇంటికి దీన్ని మించినది నాకు కనిపించలేదు. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదట్లో అది లెక్కను ర్యామ్‌లోనే దాస్తుంది, కరెంటు పోతే లెక్క పోతుంది. చిన్న పెన్‌డ్రైవ్ పెట్టి దాచే చోటు అక్కడికి మార్చాలి. రెండోది, రౌటర్‌లో హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ (ట్రాఫిక్‌ను సాఫ్ట్‌వేర్‌కు చూపకుండా చిప్పే నేరుగా దాటించడం) ఆన్ చేసి ఉంటే లెక్క తగ్గి కనిపించవచ్చు.

మైక్రోటిక్. లాత్వియా కంపెనీది. మన వైపు కేబుల్ ఆపరేటర్ల దగ్గర, కాలేజీల్లో విరివిగా కనిపిస్తుంది. నా ఓటు దీనికే. అప్పటికప్పుడు చూడటానికి టార్చ్ ఉంది. రోజు, వారం, నెల, ఏడాది గ్రాఫ్‌లు వేరే పెట్టె అక్కర్లేకుండా రౌటరే గీస్తుంది. ఒక్కో పరికరానికి సింపుల్ క్యూ పెడితే వాడకం లెక్కా వస్తుంది, వేగానికి హద్దూ పెట్టుకోవచ్చు. అయితే ఫాస్ట్‌ట్రాక్ అనే నియమం ఆన్‌లో ఉంటే ఆ ట్రాఫిక్ సింపుల్ క్యూలకు తగలకుండా పక్క దారిన పోతుంది. మామూలు హోమ్ సెట్టింగ్స్‌లో అది ఆన్ అయ్యే వస్తుంది. "క్యూ పెట్టాను, లెక్క సున్నా చూపిస్తోంది" అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది అదే. దాన్ని తీసేస్తే రౌటర్ ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది, చిన్న మోడల్ అయితే వేగం తగ్గొచ్చు. లెక్క కావాలా, వేగం కావాలా అని తేల్చుకోవాల్సిన చోటు ఇది.

ఫోన్ల విషయంలో ఒక చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వై-ఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) బదులు వేరేది చూపిస్తున్నాయి. ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ను మరిచిపోమని చెప్పి మళ్లీ కలిపితే ఒకే మనిషి రెండు పేర్లతో కనిపించే అవకాశం ఉంది. ఇంట్లో నలుగురే కనుక సర్దుకోవచ్చు. హాస్టల్‌లో అయితే మ్యాక్ అడ్రస్‌ను నమ్ముకోకుండా ఒక్కొక్కరికి లాగిన్ ఇవ్వడమే దారి.

## పోర్టు పోర్టునా గ్రాఫ్ గీసేవి

స్విచ్‌లు, రౌటర్లు ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతిలో తమ లెక్క చెబుతాయి. వేరే కంప్యూటర్ ఒకటి 5 నిమిషాలకోసారి వాటిని పలకరించి, వచ్చిన అంకెలతో గ్రాఫ్ గీస్తుంది. ఈ వరసలో ముందు ఎంఆర్‌టీజీ వచ్చింది. టోబీ ఓటికర్ 1990ల నడుమ 64 కేబీపీఎస్ లైను మీద ఒక కన్నేసి ఉంచడానికి దాన్ని రాశాడు. ఇప్పటికీ పనిచేస్తుంది, చాలా తేలిక. కానీ ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను లిబ్రెఎన్‌ఎంఎస్ చెబుతాను. పరికరం అడ్రస్ ఇస్తే పోర్టులన్నీ అదే వెతికి పట్టుకుంటుంది, పోర్టు ఏ వేగంతో కలిసిందో, ఎన్ని ఎర్రర్లు వస్తున్నాయో కూడా చూపిస్తుంది. ఉచితం. లినక్స్ పెట్టె ఒకటి, దాన్ని చూసుకునే మనిషి ఒకరు కావాలి.

జాబిక్స్ ఇంకా పెద్దది. నెట్‌వర్క్‌తో పాటు సర్వర్లు, డేటాబేస్‌లు, యూపీఎస్‌ను కూడా గమనించి ఎస్సెమ్మెస్సో మెయిలో పంపగలదు. అయితే ఏ పరిస్థితిలో ఎవరికి కబురు వెళ్లాలో కూర్చుని అమర్చుకోవాలి. కేవలం బ్యాండ్‌విడ్త్ (లైను వాడకం) చూడటం కోసమే దీన్ని పెట్టుకోవడం నా లెక్కలో శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ.

లినక్స్ అంటే భయపడే ఆఫీసులకు పీఆర్‌టీజీ సరిపోతుంది. విండోస్‌లోనే నడుస్తుంది, అమర్చడం సులువు, 100 సెన్సర్ల దాకా ఉచితం. సెన్సర్ అంటే పరికరం కాదు, కొలిచే ఒక్కో అంశం. 24 పోర్టుల స్విచ్‌లో అన్ని పోర్టులూ కొలిస్తే 24 సెన్సర్లు అయిపోతాయి, నాలుగు స్విచ్‌లకే వంద దాదాపు నిండుతుంది. అవసరమైన పోర్టులే ఎంచుకుంటే చిన్న ఆఫీసుకు హాయిగా సరిపోతుంది.

ఈ గ్రాఫ్‌లు ఒక గొడవను ఎలా తేల్చాయో చెబుతాను. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఆఫీసులో 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు. ఎప్పుడు చూసినా 94కి మించదు. లైను వాళ్లతో వారాల తరబడి మాటామాటా అయింది. లైన్‌మ్యాన్ వచ్చి తన ల్యాప్‌టాప్ పెట్టి 200 చూపించి, "అన్నా, మా లైను బానే ఉంది, లోపలే ఏదో ఉంది" అనేవాడు. గ్రాఫ్ పెట్టించి చూస్తే మధ్యాహ్నం గీత కొండలా లేచి పడటం లేదు, కత్తితో కోసినట్టు 94 దగ్గర బల్లపరుపుగా ఉంది. మామూలు వాడకం అలా ఉండదు. పోర్టు వివరాల్లో చూస్తే అది 1000కి బదులు 100 వేగంతో కలిసింది. 100 వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో రెండే చాలు, 1000కి నాలుగూ కావాలి. 100కి అక్కర్లేని ఆ రెండు జతల్లో ఒక్క తీగ తెగినా రెండు వైపులా సాధారణంగా సర్దుకుని 100కి దిగిపోతాయి, నెట్ ఆగదు, ఎవరికీ అనుమానం రాదు. 100 పోర్టులో డేటాతో పాటు పోయే అడ్రస్‌ల్లాంటి అదనపు భారం పోగా నికరంగా దొరికేది 94 చిల్లరే. గోడ దాటే చోట కిటికీ రెక్క కింద కేబుల్ నలిగిపోయి ఉంది. ఆ ముక్క మార్చాక గీత 190 దాటింది. లైన్‌మ్యాన్ మొదటి రోజు చెప్పిందే నిజమైంది.

కేబుల్ ఆపరేటర్లు, పెద్ద లైన్లు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పాత పద్ధతి కౌంటర్ 32 బిట్లది, 4.29 జీబీ దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 100 ఎంబీపీఎస్ నిండుగా నడిస్తే దాదాపు 343 సెకన్లకు, 1 జీబీపీఎస్ అయితే 34 సెకన్లకే ఒక చుట్టు తిరిగిపోతుంది. 5 నిమిషాలకోసారి చూసేవాడికి మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో తెలియదు, గ్రాఫ్ తక్కువ చూపిస్తుంది. 64 బిట్ల కౌంటర్ చదివేలా పెట్టాలి, అందుకు ఎస్‌ఎన్‌ఎంపీ రెండో వెర్షనో మూడోదో కావాలి. అలాగే ఎస్‌ఎన్‌ఎంపీకి ఫ్యాక్టరీ నుంచి వచ్చే "పబ్లిక్" అనే పాస్‌వర్డ్ మార్చండి, బయటి ఇంటర్నెట్ వైపు నుంచి అది తెరుచుకోకుండా చూడండి.

## ఎవరు ఎవరితో మాట్లాడారో రాసిపెట్టేవి

పోర్టు గ్రాఫ్ "ఇంత పోయింది" అంటుంది. ఎవరి నుంచి ఎటు పోయింది అన్నది కావాలంటే ఫ్లో లెక్క కావాలి. ఈ పద్ధతిని 1990లలో సిస్కో నెట్‌ఫ్లో పేరుతో తెచ్చింది. ఫోన్ బిల్లు లాంటిదనుకోండి: ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎప్పుడు, ఎంతసేపు. మాట్లాడిన మాటలు అందులో ఉండవు.

ఎన్‌టాప్‌ఎన్‌జీ ఈ సంగతిని బ్రౌజర్‌లో చక్కగా చూపిస్తుంది. కమ్యూనిటీ వెర్షన్ ఉచితం. ఒక మెలిక ఉంది. రౌటర్ పంపే నెట్‌ఫ్లోను అది నేరుగా తీసుకోదు, మధ్యలో ఎన్‌ప్రోబ్ అనే ఇంకో ప్రోగ్రామ్ కావాలి, దానికి లైసెన్స్ కొనాలి. ఉచితంగానే కావాలంటే స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ పెట్టి ట్రాఫిక్ నకలును ఆ పెట్టెకు ఇవ్వాలి. దానికి మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్స్ మార్చుకోగలిగేది) ఉండాలి. మామూలు స్విచ్‌లో ఆ సౌకర్యం ఉండదు. లైసెన్స్ డబ్బు పెట్టలేక, కమాండ్లకు భయపడనివాళ్లకు ఎన్‌ఎఫ్‌డంప్ ఉంది.

వంద మందికి పైగా వాడే కాలేజీ, హాస్టల్, పెద్ద ఆసుపత్రి అయితే ఇది పెట్టుకోదగ్గది. పది మంది ఆఫీసుకు టార్చ్‌తోనే పని అయిపోతుంది.

## వైర్‌షార్క్

జెరాల్డ్ కోంబ్స్ 1998లో ఈథీరియల్ పేరుతో తెచ్చాడు, 2006లో పేరు వైర్‌షార్క్ అయింది. నెట్‌లో పోయే డేటా ముక్కలను (ప్యాకెట్లను) ఒక్కొక్కటిగా విప్పి చూపిస్తుంది. కాల్‌లో మాట ఎందుకు తెగుతోంది, సర్వర్‌తో కనెక్షన్ ఎవరు కోస్తున్నారు లాంటివి తేలాలంటే ఇదే. కానీ నెలంతా బ్యాండ్‌విడ్త్ గమనించడానికి ఇది పనికిరాదు. 50 ఎంబీపీఎస్ లైన్‌లో పట్టుకోవడం మొదలుపెడితే గంటకు 22 జీబీకి పైగా ఫైలు అవుతుంది. మామూలు స్విచ్‌కు ల్యాప్‌టాప్ తగిలించి వైర్‌షార్క్ తెరిస్తే మీ ల్యాప్‌టాప్ ట్రాఫిక్, అందరికీ పంపే ప్రకటనలు తప్ప పక్కవాళ్లది కనిపించదు. చాలామంది ఇక్కడే నిరాశపడి వదిలేస్తారు. మిర్రర్ పోర్టు ఉంటేనే పక్కవాళ్లది కనిపిస్తుంది.

## పక్కపక్కన పెడితే

| టూల్ | కొలిచే చోటు | చెప్పే జవాబు | ఎంతకాలం లెక్క దాస్తుంది | శ్రమ |
|---|---|---|---|---|
| విండోస్ డేటా యూసేజ్, గ్లాస్‌వైర్ | ఒక కంప్యూటర్ | ఏ ప్రోగ్రామ్ | విండోస్‌లో 30 రోజులు | దాదాపు లేదు |
| ఎన్‌ఎల్‌బీడబ్ల్యూమాన్ | ఇంటి రౌటర్ | ఏ పరికరం ఎంత | నెల నెలా | ఒక పూట |
| మైక్రోటిక్ టార్చ్ | రౌటర్ | ఇప్పుడు ఎవరు | ఏమీ లేదు | తెలిసినవాళ్లకు నిమిషం |
| మైక్రోటిక్ గ్రాఫ్‌లు | రౌటర్ | లైను నిండిందా | ఏడాది దాకా | కొద్దిగా |
| లిబ్రెఎన్‌ఎంఎస్ | అన్ని స్విచ్‌లు, రౌటర్లు | ఏ పోర్టు, ఏ లోపం | ఏడాదికి పైగా | లినక్స్ మనిషి కావాలి |
| పీఆర్‌టీజీ | అన్ని స్విచ్‌లు, రౌటర్లు | ఏ పోర్టు | పెట్టుకున్నంత | విండోస్ తెలిస్తే చాలు |
| ఎన్‌టాప్‌ఎన్‌జీ | మిర్రర్ పోర్టు | ఎవరు, ఎటు | ఉచితంలో తక్కువ | ఎక్కువ |
| వైర్‌షార్క్ | మిర్రర్ పోర్టు | ఎందుకు తెగుతోంది | పట్టుకున్నంత సేపే | నేర్చుకోవాలి |

## మీరు ఎవరైతే

ఇల్లు. ముందు ఫోన్లు, కంప్యూటర్లలో ఉన్న లెక్కలే చూడండి. అక్కడ తేలకపోతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్. ఇంతకు మించి ఇంటికి అక్కర్లేదు.

నర్సింగ్ హోమ్, ల్యాబ్, ఇరవై మందిలోపు ఆఫీసు. మైక్రోటిక్, దాని గ్రాఫ్‌లు. పొగతోట డాక్టరు గారికి చివరికి చెప్పింది ఇదే. దాంతోపాటు కెమెరాలకు, స్కాన్ మెషీన్‌కు, బిల్లింగ్ కంప్యూటర్లకు మారని అడ్రస్‌లు ఇచ్చి ఒక కాగితం మీద పేర్లు రాసి రౌటర్ పక్కన అంటించాను. టార్చ్‌లో ఒక అంకె కనిపిస్తే అది ఎవరిదో వెంటనే తెలియాలి. పేరు తెలియని అడ్రస్ చూసి చేసేదేమీ ఉండదు.

హాస్టల్, కాలేజీ. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ఇంటర్ కాలేజీల హాస్టళ్లు ఎన్నో. ఒక్కొక్కరికి లాగిన్, ఒక్కొక్కరికి వేగం హద్దు, పైన లిబ్రెఎన్‌ఎంఎస్. ఎవరెంత వాడారో చూడండి. ఏ సైటు చూశారన్నది తవ్వకండి. ఎలాగూ ఇప్పుడు దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయి (మధ్యలో ఎవరూ చదవలేని రహస్య రూపంలో) పోతుంది కాబట్టి పేజీలో ఏముందో టూల్‌కు కనిపించదు, సైటు పేరు దాకా కనిపించవచ్చు. ఆ వయసు పిల్లలకు సైటు పేరు కూడా సొంత విషయమే. వాడకం కొలుస్తున్నామని ముందే నోటీసు బోర్డులో పెట్టాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం ఉద్దేశం కూడా అదే: చెప్పి తీసుకోవాలి, అవసరమైనంతే తీసుకోవాలి.

రొయ్యల గుంటలు. ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు వైపు గుంటల దగ్గర సిమ్ రౌటర్ మీద కెమెరా పెట్టుకుంటున్నారు. రోజుకు 2 జీబీ సిమ్‌తో 2 ఎంబీపీఎస్ కెమెరా నడిచేది 2 గంటల 13 నిమిషాలే. తర్వాత, రాత్రి ఏరియేటర్ (గుంట నీటిలో గాలి కలిపే యంత్రం) ఆగిందో లేదో చూద్దామంటే బొమ్మ రాదు. ఇక్కడ పెద్ద టూల్స్ ఏవీ వద్దు, వాటి కబుర్లు కూడా అదే 2 జీబీలోంచి పోతాయి. రౌటర్‌లోని డేటా కౌంటర్ చూసుకోండి, కెమెరాను సబ్‌స్ట్రీమ్‌కు (తక్కువ డేటాతో పోయే చిన్న బొమ్మకు) మార్చండి, కదలిక ఉన్నప్పుడే పంపేలా పెట్టండి.

కేబుల్ ఆపరేటర్. లిబ్రెఎన్‌ఎంఎస్, 64 బిట్ల కౌంటర్, ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్లన్నీ వచ్చి కలిసే పెట్టె) నుంచి పైకి పోయే ప్రతి లింకుకూ గ్రాఫ్. రాత్రి 8 నుంచి 11 మధ్య పై లింకు బల్లపరుపుగా ఉందంటే ఫిర్యాదు చేసినవాళ్ల ఇంట్లో వెతకడం అనవసరం, లింకు పెంచాలి.

మీరే అమర్చుకోకుండా ఎవరితోనైనా పెట్టించుకుంటే, పని ముగిసి డబ్బు ఇచ్చే ముందు వాళ్ల దగ్గర నాలుగు తీసుకోండి: రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్, గ్రాఫ్ తెరిచే అడ్రస్, పరికరాల పేర్ల జాబితా, సెట్టింగ్స్ బ్యాకప్ ఫైలు. తర్వాత వాళ్ల ముందే రౌటర్ కరెంటు ఒకసారి తీసి మళ్లీ పెట్టించండి. పాత గ్రాఫ్ అలాగే ఉందో, గడియారం సరైన టైము చూపిస్తోందో చూడండి. ఆన్ అయ్యాక ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకునేలా పెట్టకపోతే కొన్ని రౌటర్లు 1970 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. నిన్న రాత్రి ఎనిమిదింటికి ఏం జరిగిందో ఆ గ్రాఫ్‌లో వెతికినా దొరకదు.